భారత పాస్‌పోర్టుతో విదేశాల్లో పైలట్ ఉద్యోగం: ఆపేది లైసెన్సా, వీసానా?

మేఘమార్గం రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఒక దేశీయ విమానయాన సంస్థలో ఎయిర్‌బస్ ఎ320 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) పనిచేస్తున్నాను. ఎగిరిన గంటలు 1,900 దాటాయి. బీటెక్ అయ్యాక ఈ రంగంలోకి వచ్చాను, శిక్షణ అమెరికాలో తీసుకున్నాను కాబట్టి డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సుతోపాటు అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన కమర్షియల్ లైసెన్సు కూడా ఉంది.

కొంతకాలంగా విదేశీ సంస్థల ప్రకటనలు చూస్తున్నాను. గంటలు, టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత), క్లాస్ 1 మెడికల్, ఇంగ్లీషు స్థాయి అన్నీ సరిపోతున్నాయి. తీరా కిందికి వచ్చేసరికి, ఈ దేశంలో ఎలాంటి ఆంక్షలూ లేకుండా నివసించి పనిచేసే హక్కు అభ్యర్థికి ఇప్పటికే ఉండాలి అని ఒక వాక్యం ఉంటుంది. నా దరఖాస్తు అక్కడితో ఆగిపోతోంది. మా అక్క కుటుంబం డాలస్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ దొరికే వీసా నీకెందుకు దొరకదని ఇంట్లో అడుగుతుంటే సమాధానం చెప్పలేకపోతున్నాను. అమెరికా, యూరప్, గల్ఫ్, ఆస్ట్రేలియాలలో భారతీయ ఫస్ట్ ఆఫీసర్‌కు నిజంగా తెరిచి ఉన్న దారి ఏది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బేగంపేట_పాతకాపు రాశారు:

బాబూ, లైసెన్సు, వీసా రెండూ వేర్వేరు శాఖల సరుకు. వాటిని కలిపి ఆలోచిస్తే అయోమయం తప్పదు, కాబట్టి ముందు లైసెన్సు సంగతి చూద్దాం.

1944 డిసెంబరులో కుదిరిన షికాగో ఒప్పందంలోని 32వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయంగా తిరిగే విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశం జారీ చేసిన, లేదా ఆ దేశం చెల్లుబాటు చేసిన లైసెన్సు పైలట్ దగ్గర ఉండాలి. పైలట్ ఏ దేశస్థుడన్న ప్రశ్న ఈ వాక్యంలో లేదు. దుబాయ్ ఉన్న యూఏఈలో రిజిస్టర్ అయిన విమానాన్ని నడపాలంటే ఆ దేశపు లైసెన్సు కావాలి తప్ప ఆ దేశపు పౌరసత్వం అక్కర్లేదు. అయితే అదే అధికరణం రెండో భాగంలో చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది: తన పౌరుడికి వేరే దేశం ఇచ్చిన లైసెన్సును తన గగనతలం వరకు గుర్తించకుండా ఉండే హక్కు ప్రతి దేశానికీ ఉంది. అంటే జాతీయత అనే మాట లైసెన్సుల చట్టంలోకి వచ్చింది పరాయివాళ్లను ఆపడానికి కాదు, సొంత పౌరులు బయట తెచ్చుకున్న లైసెన్సులను అవసరమైతే పక్కన పెట్టడానికి.

లైసెన్సు మార్పిడి కష్టమే గాని అసాధ్యం కాదు. యూరప్ లైసెన్సుకు 13 థియరీ పేపర్లు, కొత్త మెడికల్, స్కిల్ టెస్టు ఉంటాయి. కెనడాలో ఏటీపీఎల్ అనే ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకు సారాన్, సామ్రా అనే రెండు రాత పరీక్షలు, వాటితోపాటు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్ష. డబ్బు, ఓపిక ఉంటే ఇవన్నీ గట్టెక్కవచ్చు. పాస్‌పోర్టుకు మాత్రం పరీక్ష రాసే వీలు లేదు, నువ్వు అడుగుతున్న అడ్డంకి అక్కడిది.

ఇర్వింగ్_కాగితాలు రాశారు:

టెక్సస్‌లో ఇమిగ్రేషన్ న్యాయవాదుల కార్యాలయంలో పనిచేస్తాను. ఇది న్యాయసలహా కాదు, సాధారణ సమాచారం మాత్రమే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు వచ్చే హెచ్1బీ పైలట్‌కు ఎందుకు రాదన్నది మీ ఇంటివారి ప్రశ్న. ఆ వీసా ఇవ్వాలంటే ఆ ఉద్యోగంలో చేరడానికి ఫలానా సబ్జెక్టులో కనీసం బ్యాచిలర్ డిగ్రీ ఉండటం ఆ వృత్తిలో మామూలు నియమమై ఉండాలి. పైలట్ లైసెన్సుకు ఎఫ్ఏఏ డిగ్రీ అడగదు, చాలా సంస్థలు డిగ్రీ ఉంటే మంచిది అంటాయే తప్ప అది కూడా ఏరోనాటిక్స్‌లోనే కావాలని అనవు. మీకు బీటెక్ ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఉద్యోగానికి అది అవసరమా అన్నదే లెక్క. అందువల్ల పైలట్ల కోసం వేసిన హెచ్1బీ పిటిషన్లు సాధారణంగా నిలబడవు.

ఇక గ్రీన్‌కార్డు. సంస్థ స్పాన్సర్ చేస్తే ఈబీ3 (ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక విభాగం) దారి పైలట్లకూ ఉంది. అయితే ఏటా ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారతదేశంలో పుట్టినవారి వరుస పదేళ్లకు పైగా సాగుతోంది. పైలట్ల కొరత గురించి వార్తలు జోరుగా వస్తున్న 2021–23 మధ్య, జాతీయ ప్రయోజనం పేరుతో స్పాన్సర్ లేకుండానే ఈబీ2 అనే మరో విభాగంలో వేయవచ్చని ప్రచారం బాగా సాగింది. కొందరికి ఆమోదం వచ్చిన మాట నిజమే. కాని ఆమోదం వచ్చినా భారతీయులు అదే వరుసలో చివర నిలబడాలి. ఈ సంగతి ప్రచారంలో చిన్న అక్షరాల్లో కూడా కనిపించదు.

గుంటూరు_కంగారూ రాశారు:

నా ఉదాహరణ చెబితే పాస్‌పోర్టు ఎంత తేడా చేస్తుందో అర్థమవుతుంది. పుట్టింది గుంటూరు, చిన్నప్పుడే అమ్మానాన్నలతో మెల్‌బోర్న్ వెళ్లి ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నాను. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి భారత పాస్‌పోర్టు వదులుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్నాను. ఇప్పుడు అమెరికాలో ఒక ప్రాంతీయ విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నాను, అది కూడా ఈ3 వీసా మీద.

ఈ3 అనేది 2005లో ఆస్ట్రేలియా పౌరుల కోసం మాత్రమే పెట్టిన వీసా. ఏడాదికి 10,500 వరకు ఇస్తారు, రెండేళ్ల చొప్పున ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు, భార్యకూ పనిచేసే హక్కు ఉంటుంది. తమాషా ఏమిటంటే, హెచ్1బీకి ఉన్న డిగ్రీ నిర్వచనమే దీనికీ ఉంది. పైన చెప్పిన తర్కం ప్రకారం నాకూ రాకూడదు. కాని వచ్చింది. ఇది వాషింగ్టన్‌లోని సూత్రాల పుణ్యమా, మెల్‌బోర్న్ కాన్సులేట్ కిటికీ పుణ్యమా అని ఇప్పటికీ నాకు సందేహమే.

ఇర్వింగ్_కాగితాలు రాశారు:

కిటికీ పుణ్యమే ఎక్కువ. హెచ్1బీలో సంస్థ ముందుగా అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్‌కు పిటిషన్ వేయాలి, అక్కడి అధికారి ఆ ఉద్యోగ స్వభావాన్ని పేజీల కొద్దీ ప్రశ్నిస్తారు, దానికి ముందు లాటరీ కూడా ఉంటుంది. ఈ3లో కార్మిక శాఖ ధ్రువీకరణ పట్టుకుని అభ్యర్థి నేరుగా కాన్సులేట్‌కు వెళ్లవచ్చు. నిర్వచనం ఒకటే, దాన్ని చదివే మనిషి వేరు. 2022 ప్రాంతంలో ప్రాంతీయ సంస్థలు పైలట్లు దొరక్క ఆస్ట్రేలియన్ల కోసం పోటీపడ్డాయి, అప్పుడు అమెరికా పైలట్ల సంఘం ఆక్షేపించింది కూడా. మేఘమార్గం గారికి ఉపయోగపడే విషయం మరొకటి ఉంది. ఈ3 వీసాకు చూసేది పౌరసత్వాన్ని, గ్రీన్‌కార్డు వరుసకు చూసేది పుట్టిన దేశాన్ని. గుంటూరులో పుట్టిన ఆస్ట్రేలియన్ గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేస్తే మళ్లీ భారత వరుసలోకే వస్తారు.

గుంటూరు_కంగారూ రాశారు:

అవును, నా పరిస్థితి సరిగ్గా అదే. మాతోపాటు చేరిన ఒక శ్వేతజాతి ఆస్ట్రేలియన్‌కు, నాకు కాక్‌పిట్‌లో ఏ తేడా లేదు, జీతం స్లిప్పులో తేడా లేదు. గ్రీన్‌కార్డు మాట వచ్చినప్పుడు మాత్రం అతను ముందుకు వెళ్తాడు, నన్ను పుట్టిన ఊరు వెనక్కి లాగుతుంది. ఉద్యోగం పోతే ఇద్దరికీ 60 రోజులే గడువు. 2024 నుంచి ఇక్కడ ఫస్ట్ ఆఫీసర్ల నియామకాలు బాగా నెమ్మదించాయి కాబట్టి ఆ గడువు గురించి ఈ మధ్య అందరం మాట్లాడుకుంటున్నాం.

నెల్లూరు_నాన్న రాశారు:

అయ్యా, మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అబ్బాయి అమెరికాలో శిక్షణ ముగించుకుని 260 గంటలతో వచ్చాడు, డీజీసీఏ సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) కూడా చేతికి వచ్చింది, ఇక్కడ ఉద్యోగం లేదు. ఒక ఏజెంటు ఆగ్నేయాసియాలో ఒక సంస్థలో కో-పైలట్ ఉద్యోగం ఖాయమని, వీసా తామే చూసుకుంటామని, అందుకు టైప్ రేటింగ్, లైన్ ట్రైనింగ్ కలిపి పెద్ద మొత్తం కట్టమని అంటున్నాడు. ఇప్పటికే పొలం మీద అప్పు తెచ్చాం. అమెరికాలోనే ఉండి ప్రయత్నిస్తే బాగుండేదా?

ఎడమసీటు రాశారు:

నమస్కారమండీ. నేను గల్ఫ్‌లో బోయింగ్ 777 కెప్టెన్‌ని, ఇండియాలో పనిచేసిన సంస్థ మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. మీ ప్రశ్నకు ముందు జవాబిస్తాను, అది ఎక్కువ అవసరం.

అమెరికాలో ఉండిపోయినా ఎయిర్‌లైన్ ఉద్యోగం వచ్చేది కాదు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది చనిపోయాక అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2013 నుంచి అక్కడ కో-పైలట్‌కు కూడా ఏటీపీ సర్టిఫికెట్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) ఉండాలి, దానికి మామూలుగా 1,500 గంటలు కావాలి. ఆ ప్రమాదంలో ఇద్దరు పైలట్లకూ అంతకంటే ఎక్కువ గంటలే ఉన్నాయన్నది వేరే సంగతి. అక్కడి పిల్లలు ఆ గంటలను ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేస్తూ పోగుచేసుకుంటారు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఎం1 విద్యార్థి వీసా మీద శిక్షణ తర్వాత ప్రాక్టికల్ ట్రైనింగ్ పేరుతో దొరికేది గరిష్ఠంగా ఆరు నెలలు, అది కూడా చదివిన ప్రతి నాలుగు నెలలకు ఒక నెల చొప్పున. ఆ వ్యవధిలో 260 గంటలు 1,500 కావు.

ఏజెంటు సంగతి. ఏ దేశమైనా విదేశీయుడికి పని వీసా ఎందుకిస్తుంది? తన దగ్గర ఆ పని చేసేవాడు దొరకనప్పుడు. 260 గంటల కుర్రాడు దొరకని దేశం నాకు తెలిసి లేదు. డబ్బు కట్టించుకుని సీటు ఇచ్చే ఒప్పందాల్లో చాలావరకు ఉద్యోగం ఉండదు, 500 గంటలు ఎగిరించి పంపేస్తారు. పని వీసాకు స్పాన్సర్‌గా ఏ సంస్థ పేరు రాస్తారో, ఆ దేశపు విమానయాన శాఖ ఏ రకమైన లైసెన్సు చెల్లుబాటు ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఆ రెండింటికీ కాగితం మీద జవాబు రాకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

నెల్లూరు_నాన్న రాశారు:

చాలా కృతజ్ఞతలు సార్. రేపే అడుగుతాను.

ఎడమసీటు రాశారు:

ఇక మేఘమార్గం తమ్ముడికి. గల్ఫ్‌లో పెద్ద సంస్థలకు పాస్‌పోర్టు రంగుతో పనిలేదు. నా ముందువారం రోస్టర్‌లో బ్రెజిల్, దక్షిణాఫ్రికా, పోలండ్ వాళ్లతో కలిసి ఎగిరాను. వీసా, ఎమిరేట్స్ ఐడీ, లైసెన్సు మార్పిడి అన్నీ సంస్థే చూస్తుంది. కాని ఈ మాట గల్ఫ్ మొత్తానికి వర్తించదు. సౌదీ అరేబియా 2023 నుంచి కో-పైలట్ ఉద్యోగాలను పూర్తిగా తన పౌరులకే కేటాయించింది. అంటే పక్కపక్క దేశాలు, ఒకదానిలో నీ 1,900 గంటలకు విలువ ఉంది, మరొకదానిలో వరుసలో నిలబడే అర్హత కూడా లేదు.

ప్రపంచమంతటా నేను చూసిన పద్ధతి ఒకటే. విదేశీయుడిని తీసుకునేది ఎడమవైపు సీటుకు, అంటే కెప్టెన్‌గా, అది కూడా కొరత ఉన్నంతకాలం. చైనా గత దశాబ్దంలో ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైగా ఇస్తామని ప్రకటనలు వేసింది, ఆ ప్రకటనలన్నీ అనుభవం ఉన్న కెప్టెన్లకే. 2020లో కోవిడ్ రాగానే ముందుగా ఖాళీ అయినవి ఆ విదేశీ కెప్టెన్ల సీట్లే. రష్యా చట్టం 2014 వరకు విదేశీయుణ్ణి కెప్టెన్‌గా అసలు ఒప్పుకోలేదు. ఆ ఏడాది చట్టం సవరించి ఏటా 200 మంది చొప్పున ఐదేళ్లకు తలుపు తీసింది, అది కూడా కెప్టెన్లకే. ఫస్ట్ ఆఫీసర్‌ను ప్రతి దేశం సొంతంగా తయారుచేసుకోవాలనుకుంటుంది, ఓటు వేసేది వాళ్ల అమ్మానాన్నలు కదా.

ఇక్కడ వీసా ఉద్యోగానికి కట్టిన తాడు. 2020లో గల్ఫ్ సంస్థలు వందల మంది పైలట్లను తీసేసినప్పుడు నివాస వీసాలు వాటితోపాటే రద్దయ్యాయి. మా పక్క విల్లాలో ఉండే కెప్టెన్ పిల్లల స్కూలు సంవత్సరం మధ్యలో ఉంది. కారు అమ్మి, బ్యాంకు అప్పు తీర్చి, సామాన్లు కంటైనర్‌కెక్కించి, ఇచ్చిన గడువులో వెళ్లిపోయారు. ఆయనకు ఎ380 మీద వేల గంటల అనుభవం ఉంది, ఆ రోజున అది ఏ దేశంలోనూ ఆయనకు వీసా తెచ్చిపెట్టలేదు.

మరో చిన్న విషయం. నివాస వీసాకు వేరే వైద్య పరీక్ష ఉంటుంది, అది పైలట్ల క్లాస్ 1 మెడికల్‌తో సంబంధం లేనిది. ఛాతీ ఎక్స్‌రేలో ఎప్పుడో చిన్నతనంలో వచ్చి తగ్గిపోయిన క్షయ మచ్చ కనిపించినా అదనపు పరీక్షలకు పిలుస్తారు. మనదేశం వాళ్లకు ఇది అరుదు కాదు. పాత రిపోర్టులుంటే దాచుకోవాలి.

మేఘమార్గం రాశారు:

ఎడమసీటు అన్నా, వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. యూరప్ గురించి ఎవరూ చెప్పలేదు. బ్రిటన్ వాళ్ల లైసెన్సు తీసుకుంటే యూరప్‌లోకి కూడా వెళ్లవచ్చని మా బ్యాచ్‌లో ఒకరు అంటున్నారు.

బేగంపేట_పాతకాపు రాశారు:

అది పాత ముచ్చట. 2020 డిసెంబరు 31తో ఆ దారి మూసుకుపోయింది. బ్రెగ్జిట్ పరివర్తన కాలం ముగిసిన మర్నాటి నుంచి బ్రిటన్ లైసెన్సు యూరోపియన్ లైసెన్సు కాదు, యూరోపియన్ లైసెన్సు బ్రిటన్‌ది కాదు. ముందుచూపు ఉన్నవాళ్లు గడువులోగా తమ లైసెన్సులను ఐర్లండ్‌కో ఆస్ట్రియాకో బదిలీ చేసుకున్నారు. ఈజీజెట్ 2017లోనే వియన్నాలో ప్రత్యేక సంస్థ పెట్టి విమానాలను అటు మార్చింది. లండన్‌లో పుట్టి పెరిగిన పైలట్‌కే ఇప్పుడు పారిస్ బేస్‌లో చేరాలంటే నువ్వు ప్రకటనల్లో చదివిన ఆ ఆఖరి వాక్యం అడ్డొస్తోంది. లైసెన్సు బదిలీ చేసుకున్నవాడికి కూడా నివసించే హక్కు బదిలీ కాలేదు మరి. వాళ్లకే అలా ఉన్నప్పుడు 13 పేపర్లు రాసి, లక్షలు పోసి, వీసా లేకుండా యూరప్ లైసెన్సు జేబులో పెట్టుకుని కూర్చోవడం నాకైతే తెలివైన పనిగా కనిపించదు. జీవిత భాగస్వామి ద్వారానో మరో విధంగానో నివాస హక్కు ఉన్నవారి సంగతి వేరు.

కెనడా మాత్రం కొంత నయం. అక్కడ శాశ్వత నివాసం పాయింట్ల మీద వస్తుంది, ఏ దేశంలో పుట్టావన్న కోటా లేదు. 2023లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆ పాయింట్ల పద్ధతిలో రవాణా విభాగం పెట్టినప్పుడు పైలట్లను, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్లను అందులో చేర్చారు. అయితే ఆ విభాగాల జాబితా తరచూ మారుతుంది, ఏ ఏడాది ఏ వృత్తి ఉంటుందో ఆ ఏడాదే చూసుకోవాలి.

సీపీఎల్_చేతిలో రాశారు:

అందరూ బయట దేశాలను అంటున్నారు, మన దేశం ఏం చేస్తోంది? ఇక్కడ మాలాంటివాళ్లు ఉద్యోగం లేకుండా ఉంటే విదేశీ కెప్టెన్లను ఎక్కువ జీతాలకు తెచ్చిపెట్టుకోలేదా? వాళ్లకు వీసా ఎలా వస్తోంది?

బేగంపేట_పాతకాపు రాశారు:

వస్తోంది, సరిగ్గా ఎడమసీటు గారు చెప్పిన కారణంతోనే. మన డీజీసీఏ విదేశీ పైలట్లకు ఫాటా అనే తాత్కాలిక అనుమతి ఇస్తుంది. దానికి హోం శాఖ భద్రతా అనుమతి కావాలి, కాగితాలు కదలడానికి పట్టే సమయం చూసి విసిగి వెళ్లిపోయిన వాళ్లను నేను ఎరుగుదును. 2005 తర్వాత దేశంలో కొత్త సంస్థలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు విదేశీ కెప్టెన్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఫలానా తేదీకి అందరినీ పంపేస్తామని ప్రభుత్వం గడువు పెట్టడం, కమాండర్లు చాలక ఆ గడువును పొడిగించడం ఎన్నోసార్లు జరిగింది. నీ కోపం సహజమే గాని, 250 గంటల సీపీఎల్ ఆ సీటుకు పోటీ కాదు. నీ సీటును వాళ్లు తీసుకోలేదు, వాళ్ల పక్క సీటు సంస్థ విస్తరిస్తే వస్తుంది.

మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు రానున్న 15–20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలన్నారు. ఆ లెక్కలో ఈ ఏడాది ఎన్ని సీట్లు అన్నదే నీలాంటివాళ్లకు కావలసిన అంకె, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు.

ఎడమసీటు రాశారు:

సీపీఎల్ తమ్ముడి ప్రశ్నకు మరో వైపు కూడా చూడాలి. మన దేశం విదేశీయులను రానివ్వడం ఒకటి, మనవాళ్లను పోనివ్వడం మరొకటి. 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. విదేశీ సంస్థ వీసా కోటా తెరిచి, మూడు నెలల్లో చేరమంటుంది. ఇక్కడ ఎన్ఓసీ ఇచ్చి గడువు తగ్గించాలా వద్దా అన్నది మీ సంస్థ ఇష్టం. 2023లో నోటీసు పూర్తిచేయకుండా వెళ్లిన పైలట్ల మీద ఆకాశ ఎయిర్ కోర్టుకు వెళ్లింది, అది అప్పట్లో పేపర్లలో చదివే ఉంటారు. 2025లో మన ప్రభుత్వం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావోకు ఒక పత్రం ఇచ్చింది. ఇతర దేశాల సంస్థలు మన అనుభవజ్ఞులను ఎగరేసుకుపోతున్నాయి, నియామకాలకు ఒక ప్రవర్తనా నియమావళి ఉండాలి అని దాని సారాంశం. సంస్థలు శిక్షణకు పెట్టిన ఖర్చు నిజమే, ఆ ఆవేదనను కొట్టిపారేయను. కాని ఉద్యోగి గడప దాటడానికి సరిహద్దుకు ఇవతల ఒక తలుపు, అవతల ఒక తలుపు రెండూ ఒకేసారి తెరుచుకోవాలన్నది ఏ వృత్తిలో ఉంది చెప్పండి.

సీపీఎల్_చేతిలో రాశారు:

ఈ కోణం నాకు తెలియదు. ఇంకొకటి అడుగుతాను. ఉద్యోగం వచ్చాక కూడా దేశం పేరు అడ్డొస్తుందా?

ఎడమసీటు రాశారు:

వస్తుంది, ఒక్కోసారి రాత్రికి రాత్రే. 2017 జనవరి 27న అమెరికా ఏడు దేశాల పౌరుల ప్రవేశాన్ని నిలిపివేసినప్పుడు ఎమిరేట్స్ తన అమెరికా విమానాల పైలట్ల, క్యాబిన్ సిబ్బంది రోస్టర్లను మార్చుకోవలసి వచ్చింది. ఆ దేశాల వాళ్ల లైసెన్సులో లోపం లేదు, సామర్థ్య పరీక్షల్లో లోపం లేదు, ఆ వారం న్యూయార్క్ సెక్టార్ మాత్రం లేదు.

ఇంకా చేదు ఉదాహరణ పాకిస్థాన్‌ది. 2020 జూన్‌లో, కరాచీ ప్రమాదం జరిగిన నెల తర్వాత, ఆ దేశ విమానయాన మంత్రి తమ పైలట్లలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదమని పార్లమెంటులోనే ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే వియత్నాం తన సంస్థల్లో పనిచేస్తున్న పాకిస్థానీ పైలట్లందర్నీ ఆపేసింది, యూరప్ పాకిస్థాన్ విమానయాన సంస్థ పీఐఏ విమానాలనే నిషేధించింది. ఆ తర్వాత విచారణలో ఆ 262 మందిలో చాలామంది లైసెన్సులు సక్రమమైనవేనని తేలింది. ఈలోగా విదేశాల్లో ఎప్పటి నుంచో శుభ్రంగా పనిచేస్తున్నవాళ్లు కూడా తమ లైసెన్సు జారీ అయిన దేశం పేరు మోయవలసి వచ్చింది. మన డీజీసీఏ లైసెన్సు పత్రాల వెరిఫికేషన్‌ను విదేశీ సంస్థలు ఎందుకంత పట్టుబట్టి అడుగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి లాగ్‌బుక్‌లో గంటలు, డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో గంటలు, సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌లో గంటలు మూడూ ఒకటిగా ఉండాలి.

మేఘమార్గం రాశారు:

అందరి మాటలూ చదివాక యూరప్ ఆలోచన పక్కన పెట్టాను. కమాండ్ (కెప్టెన్ హోదా) వచ్చేదాకా ఇక్కడే ఉండి, ఆ తర్వాత గల్ఫ్‌కు ప్రయత్నించడం అనేది ఒక దారి. ఈలోగా అమెరికా సంగతి పూర్తిగా వదిలేయవచ్చా అన్నది ఇంకా తేలలేదు. ఒక అంతర్జాతీయ సెక్టార్ కోసం మా సంస్థ నాకు సీ1డీ క్రూ వీసా తీయించే అవకాశం ఉంది. దానితో అక్కడ దిగినప్పుడు ఏదైనా సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లవచ్చా? ఇంకొక సొంత విషయం కూడా అడగాలి. నాకు పెళ్లి కుదిరింది. అమ్మాయి వాళ్లది భీమవరం, కాని పుట్టింది మస్కట్‌లో, వాళ్ల నాన్నగారు అప్పుడు అక్కడ ఉద్యోగం చేసేవారు. పాస్‌పోర్టు మాత్రం భారతీయమే. ఇందాక పుట్టిన దేశాన్ని చూస్తారని రాశారు కాబట్టి అడుగుతున్నాను.

ఇర్వింగ్_కాగితాలు రాశారు:

ముందు సీ1డీ. అది విమానంలో విధి నిర్వహిస్తూ దిగి, మళ్లీ విధి మీద వెళ్లేవారికి ఇచ్చే వీసా. లేఓవర్‌లో హోటల్లో ఉండవచ్చు, ఊరు చూడవచ్చు. ఉద్యోగం వెతుక్కోవడం దాని ఉద్దేశం కాదు, ఇంటర్వ్యూకు రావాలంటే సరైన దారి బీ1 సందర్శక వీసా. క్రూ వీసాను దానికి వాడారని తర్వాత ఎప్పుడైనా కాన్సులేట్‌లో బయటపడితే అది మీకే కాదు, మీ సంస్థకూ తలనొప్పి.

రెండో ప్రశ్న మీరు అడగడం మంచిదైంది. గ్రీన్‌కార్డు వరుసలో దరఖాస్తుదారు పుట్టిన దేశానికి బదులు జీవిత భాగస్వామి పుట్టిన దేశాన్ని లెక్కలోకి తీసుకోమని అడిగే వీలు చట్టంలో ఉంది. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ఇక్కడ చూడరు. ఆమె పుట్టినప్పుడు తల్లిదండ్రులు ఒమన్‌లో నివాసముంటే ఆమెను ఒమన్ కింద లెక్కిస్తారు, పెళ్లయ్యాక మీరూ ఒమన్ కిందికి రావచ్చు, అప్పుడు భారత వరుస మీకు వర్తించదు. దానికి షరతు ఏమిటంటే ఇద్దరూ కలిసి వలస రావాలి, మీరు ముందు వెళ్లి ఆమె తర్వాత వస్తే కుదరదు.

అయితే దీనితో సగం పనే అవుతుంది. మిమ్మల్ని స్పాన్సర్ చేసే సంస్థ కావాలి, కార్మిక శాఖ ధ్రువీకరణకే ఏడాదికి పైగా పడుతుంది, అంతకాలం ఖాళీ సీటు పెట్టుకుని ఎదురుచూసే విమానయాన సంస్థలు ఎక్కువ లేవు. పైగా మీరు ఎఫ్ఏఏ ఏటీపీ పూర్తిచేసి ఉండాలి. 1,900 గంటలు ఉన్నాయి కాబట్టి అది మీకు అందేదే.

గుంటూరు_కంగారూ రాశారు:

ఏటీపీ రాత పరీక్షకు ముందు ఏటీపీ సీటీపీ అనే కోర్సు తప్పనిసరి, అందులో సిమ్యులేటర్ కూడా ఉంటుంది. విదేశీయులు అమెరికాలో కొన్ని రకాల విమాన శిక్షణకు అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. మీకు పాత విద్యార్థి రికార్డు ఉంది గనుక ఆ నంబర్లు వెతికి పెట్టుకోండి. నిజంగానే ఒమన్ లెక్క పనిచేస్తే నాకంటే మీరే ముందు వస్తారు. మా ఆవిడ పుట్టింది తెనాలి మరి!

ఎడమసీటు రాశారు:

మస్కట్ జనన ధ్రువపత్రం ఇప్పుడే చూసుకోండి. గల్ఫ్‌లో పుట్టిన మన పిల్లల దగ్గర చాలాసార్లు ఆసుపత్రి ఇచ్చిన కాగితం ఒక్కటే ఉంటుంది. ప్రభుత్వం జారీచేసిన జనన పత్రం, దాని మీద ఒమన్ విదేశాంగ శాఖ ముద్ర, ఇంగ్లీషు అనువాదం కావాలి. అలాగే మీ మామగారి అప్పటి పాస్‌పోర్టులో నివాస వీసా పేజీలు ఉంటే పారేయవద్దని చెప్పండి, ఆ సమయంలో వాళ్లు అక్కడ నివసించారనడానికి అదే ఆధారం. మస్కట్‌లో తెలిసినవాళ్లు ఉన్నారు, పత్రం పేరు మీద పొరపాట్లు ఉంటే ఎక్కడ సరిచేయించాలో కనుక్కుని ఇక్కడే రాస్తాను.

మేఘమార్గం రాశారు:

అత్తగారికి ఫోన్ చేశాను. పాత పాస్‌పోర్టులు భీమవరంలో బీరువాలో ఉన్నాయట, జనన పత్రం మాత్రం అరబిక్‌లో ఉన్నది ఒక్కటే ఉంది. పేరులో ఒక అక్షరం తేడా ఉందంటున్నారు. ఫొటో రాగానే వ్యక్తిగత వివరాలు చెరిపి ఇక్కడ పెడతాను, ఎడమసీటు అన్న ఒకసారి చూడగలరు.